బొమ్మ ఉంది, పేరు లేదు: మనం వాడే ప్రోగ్రామింగ్ ఎడిటర్ల రూపం గురించి

విజీనగరం_మాస్టారు
మంగళవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీద సాయంత్రం పూట పైథాన్ నేర్పుతాను. ఇప్పుడు బ్యాచ్‌లో 22 మంది ఉన్నారు. గంట్యాడ, గుర్ల, నెల్లిమర్ల వైపు నుంచి బస్సెక్కి వచ్చే డిగ్రీ పిల్లలే ఎక్కువ. వాళ్లలో సగం మంది ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివారు.

పోయిన వారం మేం వాడే ఎడిటర్, అంటే ప్రోగ్రామ్‌లు రాసుకునే సాఫ్ట్‌వేర్, దానంతట అదే అప్‌డేట్ అయింది. మర్నాడు సాయంత్రం పిల్లలు తెరిచి చూస్తే పైన ఉండే మాటలన్నీ పోయాయి. రన్, డీబగ్, స్టాప్ అని రాసి ఉండే చోట సన్న గీతల బొమ్మలు వచ్చాయి. అన్నీ ఒకటే బూడిద రంగు.

గుర్ల నుంచి వచ్చే అమ్మాయి ఒకరు మొదటి వరుసలో కూర్చుంటుంది. చాలా శ్రద్ధ గల పిల్ల. మార్కుల సగటు కట్టే ప్రోగ్రామ్ రాసింది, ఒక్క తప్పు లేదు. అంతకుముందు ఎప్పుడో మౌస్ జారి, వరుస నంబరు పక్కన ఒక ఎర్ర చుక్క పడింది. అది ఆమె చూసుకోలేదు. పైన రెండు ముక్కోణాలు కనిపిస్తే రెండోది నొక్కింది. అది డీబగ్, అంటే ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపుతూ తప్పులు వెతికే పద్ధతి. ప్రోగ్రామ్ ఎర్ర చుక్క దగ్గర ఆగింది. ఆ వరుస పసుపు అయిపోయింది, ఎడమ పక్కన ఫైళ్ల జాబితా మాయమై ఇంకేవో అంకెలు వచ్చాయి, కింది పట్టీ రంగు మారింది. అన్నీ ఒక్క క్షణంలో. ఆ పిల్ల రెండు చేతులూ కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను వెనక వరుసలో ఉన్నాను. పిలవడానికి మొహమాటపడి ఇరవై నిమిషాలు అలాగే కూర్చుంది. నేను వెళ్లేసరికి "కంప్యూటర్ పాడుచేశాను సార్" అంది.

ఏమీ పాడవలేదు. డీబగ్గర్ తన పని తాను చేసింది. కానీ "నేను ఇక్కడ ఆగాను, ఇందుకు ఆగాను, ముందుకు వెళ్లాలంటే ఇది నొక్కు" అని ఒక్క వాక్యం కూడా చెప్పలేదు.

మీ దగ్గర పిల్లలు, కొత్త ఉద్యోగులు ఎలా నెట్టుకొస్తున్నారు? ఈ పనిముట్లు ఎవరి కోసం గీస్తున్నారని మీకు అనిపిస్తుంది?

నాగావళి_ఒడ్డు
మంగళవారం, రాత్రి 10:05

మాస్టారూ, ఆ అమ్మాయి సంగతి చదివితే బాధగా ఉంది. అయినా రెండో వైపు కూడా చెప్పాలి. నేను శ్రీకాకుళంలో ఇంటి నుంచి జావా పని చేస్తాను, పద్నాలుగేళ్లయింది. రోజుకు ఎనిమిది గంటలు ఎడిటర్ ముందే ఉంటాను. నాకు ఆ మాటలు అక్కర్లేదు, నా చెయ్యి కీబోర్డు దాటదు. ప్రతి బొమ్మ పక్కనా మాట రాస్తే నా కోడ్‌కి చోటు తగ్గుతుంది.

ఈ గొడవ ఇప్పటిది కాదు. 2012లో విజువల్ స్టూడియో అనే మైక్రోసాఫ్ట్ ఎడిటర్ బీటాలో (పరీక్షకి ముందుగా ఇచ్చే రూపంలో) బొమ్మలన్నిటికీ రంగు తీసేసి బూడిద చేశారు. కోడ్ మీదే దృష్టి నిలవాలని అలా చేశామన్నారు. వాడేవాళ్లు ఊరుకోలేదు. తర్వాతి విడుదలలో కొన్ని బొమ్మలకు రంగు తిరిగొచ్చింది. అదే ఏడాది మెనూ మాటలన్నీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పెట్టారు, దాని మీద మళ్లీ గొడవ. 2013 వెర్షన్‌లో మామూలు అక్షరాలు కావాలంటే మార్చుకునే వీలు ఇచ్చారు. ఎడిటర్లు తయారుచేసే ఇంకో కంపెనీ జెట్‌బ్రెయిన్స్ వాళ్లు 2022లో కొత్త రూపం చూపించి, రెండేళ్ల పాటు దిద్దుకుంటూ 2024.2 వెర్షన్‌లో అందరికీ డీఫాల్ట్ (ముందే పెట్టి ఉండే రూపం) చేశారు. పాతది కావాలన్నవాళ్లకు విడిగా చేర్చుకునే ప్లగిన్‌గా ఉంచారు.

అంటే అడిగితే వింటున్నారు. సెట్టింగులలోకి వెళ్లి మార్చుకుంటే సరిపోతుంది కదా?

రాజాం_మేడం
బుధవారం, ఉదయం 6:40

నాగావళి గారూ, సెట్టింగులలోకి వెళ్లి వెతికి మార్చుకోగలిగిన మనిషికి ఆ మార్పు అవసరమే ఉండదు. అవసరమున్న పిల్లకి సెట్టింగులనేవి ఉంటాయని కూడా తెలియదు. నేను పద్దెనిమిదేళ్లుగా సి భాష చెబుతున్నాను, ఏటేటా ఇదే చూస్తున్నాను.

మీలో చాలామంది టర్బో సి అనే పాత ఎడిటర్ నీలం తెర మీదే మొదలుపెట్టి ఉంటారు. మా ల్యాబులో పాత డాస్ ప్రోగ్రామ్‌లు నడిపే డాస్‌బాక్స్‌లో దాన్ని చాలాకాలం నడిపాం. ఆ కంపైలర్ (కోడ్‌ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చేది) ఇప్పుడు నేర్పకూడదు. సి ప్లస్ ప్లస్‌కి 1998లో ప్రమాణం వచ్చింది, టర్బో సి ప్లస్ ప్లస్ 1990 నాటిది. అక్కడ నేర్చుకున్న కోడ్ బయట కంపైల్ కాక పిల్లలు ఇబ్బంది పడ్డారు. ఆ మాట పక్కన పెట్టి, తెర అడుగున ఏముండేదో ఒకసారి గుర్తుచేసుకోండి. చివరి వరుసలో బూడిద పట్టీ మీద ఎఫ్1 హెల్ప్, ఎఫ్2 సేవ్, ఎఫ్3 ఓపెన్, ఆల్ట్ ఎఫ్9 కంపైల్, ఎఫ్9 మేక్, ఎఫ్10 మెనూ. మీట పేరు ఎరుపులో, పని పేరు నలుపులో. మెనూ తెరిస్తే ఆ పట్టీలో మాటలు మారేవి, మీరు ఏ వరుస మీద ఉన్నారో అది ఏం చేస్తుందో ఒక వాక్యంలో చెప్పేది.

80 అక్షరాల వెడల్పు, 25 వరుసల తెర అది. మెనూకి ఒకటి, అడుగు పట్టీకి ఒకటి, కిటికీ అంచులకు రెండు పోతే కోడ్‌కి 21 వరుసలే మిగిలేవి. అంత ఇరుకులోనూ మాటలకి ఒక వరుస ఇచ్చారు. తెరల రూపం ఎలా ఉండాలో జాకబ్ నీల్సన్ 1994లో రాసిన పది సూత్రాల్లో ఒకటి, మనిషి గుర్తుచేసుకోవాల్సిన పని పెట్టకుండా కంటికి కనబడేలా ఉంచమంటుంది. ఆ నీలం తెర నాలుగేళ్ల ముందే ఆ పని చేసింది.

ఇంత పెద్ద తెరలొచ్చాక చోటు లేదంటే నేను ఒప్పుకోలేను.

బొబ్బిలి_బీటెక్
బుధవారం, మధ్యాహ్నం 1:22

మేడం, పెద్ద తెరలు అందరికీ లేవండి. నాది సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, 1366 × 768. కళ్లజోడు ఉంది కాబట్టి ఫాంట్ 18 పెట్టుకుంటాను. మీ 21 వరుసల మాట చూసి నాది లెక్కపెట్టాను.

విండోస్ పట్టీ, ఎడిటర్ పై పట్టీ, ట్యాబులు, వాటి కింద ఫైలు దారి చూపే గీత, అడుగు పట్టీ. ఇవన్నీ పోను, టెర్మినల్ (ప్రోగ్రామ్ ఫలితం కనబడే కింది పెట్టె) మూసి ఉంటే 25 వరుసలు. టెర్మినల్ తెరిస్తే 15. నేను ఎప్పుడూ టెర్మినల్ తెరిచే పని చేస్తాను, అవుట్‌పుట్ చూడాలి కదా. ఎడమ పక్క ఫైళ్ల జాబితా, కుడి పక్క మొత్తం ఫైలుని చీమల బారులా చూపే సన్న పట్టీ ఉంటే పొడుగు వరుసలు కూడా సగానికి తెగిపోతాయి. ఆ సన్న పట్టీలో నాకు ఒక్క అక్షరం కనబడదు.

కాబట్టి నాకు మాటలూ కావాలి, చోటూ కావాలి. ఏం చేయమంటారు అన్నా?

నాగావళి_ఒడ్డు
బుధవారం, మధ్యాహ్నం 2:10

తమ్ముడూ, ముందు ఆ కుడి పట్టీ తీసెయ్, దాని పేరు మినీమ్యాప్. ఫైలు దారి చూపే గీత తీసెయ్. టెర్మినల్‌ని కిందికి కాకుండా కుడి పక్కకి జరుపు. మన ల్యాప్‌టాప్ తెరలకు ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. కొరత ఉన్నచోట నుంచి తీసుకోకూడదు. ఎడమ జాబితా కంట్రోల్ బి నొక్కితే ముడుచుకుంటుంది, మళ్లీ నొక్కితే వస్తుంది.

మేడం గారూ, మీరన్నది నిజమే. నేను మార్చుకోగలను, ఆ అమ్మాయి మార్చుకోలేదు. డీఫాల్ట్ ఎవరి వైపు ఉండాలన్న ప్రశ్నకి నా జవాబు నిన్న తప్పుగా చెప్పాను.

ఆమదాలవలస_కుర్రాడు
బుధవారం, రాత్రి 8:48

మాస్టారు ఎర్ర చుక్క అన్నారు కాబట్టి నా సంగతి చెబుతాను. నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మాది రైల్వే కుటుంబం. నేనూ రైల్వే పరీక్ష రాసి మెడికల్‌కి వెళ్లాను, అక్కడ చుక్కల పుస్తకం చూపించారు. ఇషిహారా పరీక్ష అంటారు, 1917 నుంచి ఉంది. మిగతావాళ్లు చకచకా అంకెలు చెబుతుంటే నాకు చుక్కలే కనబడ్డాయి. ఇరవై రెండేళ్లు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. టెస్ట్ పాసైతే ఆకుపచ్చ గుండ్రం, ఫెయిలైతే ఎర్ర గుండ్రం. రెండూ ఒకే సైజు, ఒకే ఆకారం. నాకు రెండూ మట్టి రంగే. మొదటి ఆరు నెలలు ఒక్కోదాని మీద మౌస్ పెట్టి, చిన్న మాట బయటికి వచ్చేదాకా ఆగి, చదివి, తర్వాతిదానికి వెళ్లేవాణ్ని. నాలుగు వందల టెస్టులు. అందరూ ఏడింటికి వెళ్లిపోతే నేను తొమ్మిదింటికి వెళ్లేవాణ్ని. నేను నిదానం అనుకున్నారు మా టీమ్‌లో.

పాస్‌కి టిక్కు, ఫెయిల్‌కి ఇంటూ మార్కు పెడితే నాకు ఏ రంగైనా పర్వాలేదు. వెబ్ పేజీల అందుబాటుకి 2008లో వచ్చిన రెండో ప్రమాణం స్పష్టంగా చెప్పింది, ఏ సమాచారాన్నీ రంగు ఒక్కదానితోనే చెప్పకూడదని. మామూలు అక్షరానికీ దాని వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలని కూడా అదే చెబుతుంది. కోడ్ దాచుకుని పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఇప్పుడు మాలాంటివాళ్ల కోసం వేరే థీమ్‌లు ఉన్నాయి, తీసేసిన వరుస నారింజ, చేర్చిన వరుస నీలం. మొదటిసారి ఆ థీమ్ పెట్టుకున్న రోజు ఒక్క మార్పు కూడా రెండోసారి చదవాల్సిన పని రాలేదు నాకు.

ఎవరైనా కొత్త టూల్ చేస్తుంటే దాని స్క్రీన్‌షాట్‌ని నలుపు తెలుపు చేసి చూడండి. అప్పటికీ అర్థమైతే నాకూ అర్థమైనట్టే.

పొందూరు_నేత
గురువారం, ఉదయం 7:15

ఆమదాలవలస తమ్ముడి పోస్టు రాత్రే చదివాను. నేను ఫ్రంట్ ఎండ్ పని, అంటే వాడేవాళ్లకు కనబడే తెరలు తయారుచేసే పని చేస్తాను. ఈ ఐదేళ్లలో పాస్, ఫెయిల్ గుండ్రాలు నేను కూడా గీశాను, ఒక్కసారీ ఆకారం మార్చలేదు. ఈ రోజు ఆఫీసుకి లాగిన్ అవగానే మొదటి పని అదే.

మా నాయనమ్మ ఖద్దరు నూలు వడికేది. మా ఊళ్లో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారని వినే ఉంటారు. చిన్నప్పుడు ఆ దవడ చేత్తో పట్టుకుని చూశాను. సన్నటి పళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. నాయనమ్మ దువ్వుతూ మధ్యలో ఆపి, బొటనవేలితో పళ్ల మీద ఒకసారి రాసేది. విరిగిన పన్ను ఎక్కడుందో వేలికి తెలిసిపోయేది. దువ్విన పత్తి ఎదురుగానే ఉంటుంది, గింజ తునక మిగిలితే తెల్లటి దాంట్లో నల్లగా కనబడుతుంది. పనిముట్టు ఎలా ఉందో, పని ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి ఆమె లేచి ఇంకో చోటికి వెళ్లాల్సిన పని లేదు.

మన ఎడిటర్లో నేను సేవ్ చేశానా లేదా అన్నది ట్యాబ్ మీద ఆవగింజంత చుక్క చెబుతుంది. ఏ బ్రాంచ్‌లో, అంటే కోడ్ ఏ కాపీలో ఉన్నానో ఎడమ మూల అడుగున సన్న అక్షరాల్లో ఉంటుంది. నా కళ్లు తెర మధ్యలో ఉంటాయి. తప్పు బ్రాంచ్‌లో రోజంతా పని చేసి సాయంత్రం చూసుకున్న సందర్భాలు నాకు రెండున్నాయి. సమాచారం తెర మీద ఉందని గీసినవాళ్లు అనుకుంటారు. చూపు ఉన్నచోట లేకపోతే అది లేనట్టే.

చీపురుపల్లి_జంక్షన్
గురువారం, రాత్రి 9:30

పొందూరు గారూ, చూపు సంగతి మీరు చెప్పారు, నేను చెయ్యి సంగతి చెబుతాను.

మా తమ్ముడు పాలిటెక్నిక్ చివరి ఏడాది. ప్రాజెక్టు మూడు వారాలు చేశాడు, ధాన్యం కొనుగోలు లెక్కల యాప్. గిట్ (కోడ్ పాత రూపాలు దాచే పనిముట్టు) కొత్తగా నేర్చుకుంటున్నాడు. ఎడిటర్ పక్క పట్టీలో మారిన ఫైళ్ల జాబితా వస్తుంది కదా. ఫైలు పేరు మీద మౌస్ పెడితే కుడి చివర రెండు బొమ్మలు వస్తాయి. ఒకటి కూడిక గుర్తు, ఇంకోటి వెనక్కి తిరిగిన బాణం. కూడిక నొక్కితే ఫైలు కమిట్‌కి, అంటే గిట్‌లో దాచడానికి, సిద్ధమవుతుంది, ఏ నష్టమూ లేదు. బాణం నొక్కితే మీరు చేసిన మార్పులు పోతాయి. రెండిటి మధ్య సందు నా మౌస్ బాణం మొన కంటే తక్కువ. మౌస్ పెట్టేదాకా రెండూ కనబడవు.

వాడు బాణం అంటే 'అన్‌డూ' అనుకున్నాడు. నొక్కాడు. ఒక పెట్టె వచ్చి ఇంగ్లిష్‌లో పెద్ద వాక్యం అడిగింది. ముందు వెలిగి ఉన్న బటన్ మీద ఎంటర్ కొట్టాడు, ప్రోగ్రామ్‌లన్నీ అడిగే ప్రశ్నలకు మనం కొడతామే అలాగ. మొదటి కమిట్ ఇంకా చేయలేదు కాబట్టి గిట్‌లో పాత కాపీ లేదు. ఏడు ఫైళ్లు పోయాయి. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. ఫోన్లో స్నేహితుడికి పంపిన జిప్ ఒకటి దొరికితే సగం నిలబడింది.

దూరంగా, చిన్నగా ఉన్నదాన్ని చేరడానికి ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే లెక్క కట్టి చూపించాడు. అందుకని తరచూ నొక్కేవి దగ్గరగా, పెద్దవిగా పెడతారు. అదే లెక్కని తిరగేసి, వెనక్కి రాని పనిని దూరంగా పెట్టడానికి కూడా వాడాలి. మా ఇంట్లో గ్యాస్ స్విచ్చి పక్కన లైటు స్విచ్చి పెట్టం కదా. అసలైతే తొలగించినదాన్ని రీసైకిల్ బిన్‌లో వేస్తే చాలు, ఏ ప్రశ్నా అడగక్కర్లేదు.

బొబ్బిలి_బీటెక్
గురువారం, రాత్రి 9:52

అన్నా, మీ తమ్ముడికి చెప్పండి, చాలా ఎడిటర్లు ఫైలు సేవ్ చేసినప్పుడల్లా పాత రూపాన్ని లోపల దాచుకుంటాయి. లోకల్ హిస్టరీ అని వెతకమనండి. మిగతా సగం దొరకొచ్చు.

చీపురుపల్లి_జంక్షన్
శుక్రవారం, ఉదయం 6:05

బొబ్బిలి తమ్ముడూ, ఐదు ఫైళ్లు దొరికాయి. రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాం. నీ రుణం ఉంచుకోను.

టెక్కలి_టెర్మినల్
శుక్రవారం, మధ్యాహ్నం 12:30

నేను విమ్ అనే కీబోర్డు ఎడిటర్ వాడే మనిషిని. బొమ్మలే లేని ఎడిటర్ గురించి ఇక్కడ మాట్లాడొచ్చో లేదో అనుకున్నాను గానీ ఒక మాట చెప్పాలి.

విమ్ నుంచి బయటికి ఎలా రావాలి అని 2012లో ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్‌లో ఒకరు అడిగారు. 2017 మే నాటికి ఆ ప్రశ్నని పది లక్షల సార్లు చూశారు. నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకోటి. దారి తెలియక ఇరుక్కున్న మనిషి ఏం చేస్తాడు? కంట్రోల్ సి కొడతాడు. ఇప్పుడు విమ్‌లో కంట్రోల్ సి కొడితే అడుగున ఒక వాక్యం వస్తుంది, బయటికి వెళ్లాలంటే ఫలానాది టైప్ చేసి ఎంటర్ కొట్టమని. నాకు ఆ ఒక్క వాక్యం చాలా ఇష్టం. బొమ్మ మార్చలేదు, రంగు మార్చలేదు. మనిషి ఎక్కడ తడబడతాడో చూసి సరిగ్గా అక్కడ మాట పెట్టారు. మాస్టారి డీబగ్గర్‌లో లేనిది అదే.

విజీనగరం_మాస్టారు
శుక్రవారం, రాత్రి 10:15

టెక్కలి గారూ, మీరు పట్టుకున్నది అసలు చోటు. దాని మీదే రాయాలనుకుంటున్నాను.

రూపం అంటే మనం బొమ్మలు, రంగులే అనుకుంటాం. నా పిల్లలు ఎక్కువసేపు చూసేది తప్పు సందేశాన్ని. పైథాన్‌లో ఒక బ్రాకెట్ మూయడం మర్చిపోయారనుకోండి. 3.9 వెర్షన్ దాకా ఏం చేసేదంటే, తప్పు చేసిన వరుస వదిలేసి కింది వరుస దగ్గర బాణం పెట్టి 'ఇన్‌వాలిడ్ సింటాక్స్' అనేది. కింది వరుసలో ఏ తప్పూ లేదు. పిల్లలు దాన్నే చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపి చూసేవాళ్లు. 2021 అక్టోబరులో 3.10 వచ్చాక, తెరిచిన బ్రాకెట్ దగ్గరే బాణం పెట్టి 'దీన్ని మూయలేదు' అని చెబుతోంది. కోలన్ మర్చిపోతే 'ఇక్కడ కోలన్ రావాలి' అంటోంది. అప్పటికి ఎల్మ్, రస్ట్ అనే భాషల కంపైలర్లు ఇలా మనిషితో మాట్లాడినట్టు చెప్పడం మొదలుపెట్టి చాలాకాలమైంది. పైథాన్ కూడా ఆ దారి పట్టింది. మా ల్యాబులో పాత కంప్యూటర్లన్నిటిలో కొత్త పైథాన్ వేసిన నెలలో నన్ను పిలిచే పిలుపులు ఎంత తగ్గాయో నా కాళ్లకు తెలుసు. సందేశం ఇంగ్లిష్‌లోనే ఉంది. తెలుగు మీడియం పిల్లలకి ఇంగ్లిష్ కంటే బాణం తప్పుడు చోట ఉండడమే ఎక్కువ ఇబ్బంది పెట్టిందని అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి నా పొరపాటే. ప్రొజెక్టర్ మీద అందంగా ఉంటుందని ఫిరా కోడ్ ఫాంట్ పెట్టాను. అందులో ఆశ్చర్యార్థకం, సమానం పక్కపక్కన రాస్తే రెండూ కలిసి, లెక్కల పుస్తకంలో 'సమానం కాదు' గుర్తు ఉంటుందే, అలా కనబడుతుంది. వెనక బెంచీ అబ్బాయి కీబోర్డు మీద ప్రతి మీటా చూస్తున్నాడు. ఏం వెతుకుతున్నావంటే "ఆ గుర్తు ఎక్కడుంది సార్" అన్నాడు. నేర్చుకునేవాడికి రాసింది రాసినట్టే కనబడాలి. ఆ రోజే తీసేశాను. ఇప్పుడు జెట్‌బ్రెయిన్స్ మోనో వాడుతున్నాను, అందులోనూ కలిపే గుణం ఆపేశాను. ఒకటి అంకె, చిన్న ఎల్, పెద్ద ఐ మూడూ వేరువేరుగా తెలుస్తాయి, సున్నాకీ ఓకీ తేడా ఉంది.

వచ్చే మంగళవారం మా అమ్మవారి సిరిమాను పండగ, ఆ రోజూ మర్నాడూ క్లాసు లేదు. ఆ రెండు రోజుల్లో ల్యాబులో ప్రతి కంప్యూటర్ సెట్టింగూ మారుస్తాను. సలహాలుంటే చెప్పండి.

పలాస_జీడిపప్పు
శనివారం, ఉదయం 11:20

మాస్టారూ, ఫాంట్ల మాట వచ్చింది కాబట్టి. జీడిపప్పు వ్యాపారుల కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాను. రైతుల పేర్లు, ఊళ్ల పేర్లు తెలుగులో ఉండాలి, లేకపోతే ఎవరూ చదవరు. కాబట్టి నా కోడ్‌లో తెలుగు ఉంటుంది, మన పనిముట్లు తెలుగుని ఎలా చూస్తాయో రోజూ చూస్తాను.

'శ్రీకాకుళం' తీసుకోండి. కంటికి నాలుగు అక్షరాలు: శ్రీ, కా, కు, ళం. పైథాన్‌ని పొడవు అడిగితే 10 అంటుంది. ఫైలులో 30 బైట్లు. ఒక్క 'శ్రీ'లోనే నాలుగు యూనికోడ్ (కంప్యూటర్లలో అన్ని లిపులకూ ఉన్న ప్రమాణం) ముక్కలున్నాయి: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే శ్రీ కాస్తా శ్ర అవుతుంది, ఇంకోసారి కొడితే శ్ అవుతుంది. బాణం మీట కొడితే కర్సర్ ఒక్కో ఎడిటర్‌లో ఒక్కో చోట ఆగుతుంది. 2023 సెప్టెంబరులో యూనికోడ్ 15.1 వచ్చేదాకా ప్రమాణం ప్రకారమే 'శ్రీ' రెండు ముక్కలు. మనకి అచ్చులో ఎప్పుడూ ఒకటే.

టెర్మినల్ ఇంకా కష్టం. అది ప్రతి అక్షరానికీ ఒక గడి కేటాయిస్తుంది. మన ఒత్తులు గడిలో పట్టవు, కింద తెగిపోతాయి. పట్టిక వేస్తే నిలువు గీతలు మెట్లలా వంకరపోతాయి. ఒకసారి 'వజ్రపుకొత్తూరు' ఉన్న వరుస పక్కకి జరిగి, కేజీల గడిలో రేటు, రేటు గడిలో కేజీలు ఉన్నట్టు కనబడింది. లెక్క సరైనదే, చూడడానికే తప్పు. అరగంట లేని తప్పుని వెతికాను.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఒక రూపంలో మెసేజ్‌గా వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డాయి, గుర్తుందా? ఆపిల్ 11.2.6 అప్‌డేట్‌తో సరిచేసింది. మన లిపిని చివర్లో పరీక్షిస్తే ఏమవుతుందో దానికంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

సలహా అడిగారు కాబట్టి: వరుసల మధ్య ఎత్తుని ఫాంట్ సైజుకి 1.6 రెట్లు పెట్టండి, ఒత్తులు తెగవు. ఇంగ్లిష్ ఫాంట్ పేరు తర్వాత కామా పెట్టి ఒక తెలుగు ఫాంట్ పేరు కూడా రాయండి, నోటో శాన్స్ తెలుగు బాగుంటుంది.

బొబ్బిలి_బీటెక్
శనివారం, మధ్యాహ్నం 12:02

1.6 పెడితే నా 15 వరుసలు ఇంకా తగ్గుతాయి అన్నా. తెలుగు ఉన్న ఫైళ్లకే పెట్టుకుంటాను.

రాజాం_మేడం
శనివారం, సాయంత్రం 5:35

మాస్టారూ, మీరు పిల్లల కోసం తెలుగులో పేర్లు రాయాలనుకుంటే ఒక మాట. 'అమలుపరచు', 'నిర్వహించు' లాంటివి పెట్టకండి. నేను ఒకసారి అలా పెట్టి చూశాను, పిల్లలకి ఇంగ్లిష్ కంటే అది కష్టమైంది. వాళ్లు నోటితో ఏమంటారో అదే రాయండి. 'రన్ చెయ్', 'ఆపు', 'ఒక్కో అడుగు వెయ్'.

విజీనగరం_మాస్టారు
తర్వాతి శుక్రవారం, రాత్రి 9:40

సిరిమాను అయింది. జనం సంగతి మీకు తెలుసు, కోట నుంచి అమ్మవారి గుడి దాకా నిలబడడానికి చోటు లేదు. మర్నాడు ల్యాబులో కూర్చుని 22 కంప్యూటర్లూ మార్చాను.

చేసినవి చెబుతాను. మినీమ్యాప్ తీసేశాను, టెర్మినల్ కుడి పక్కకి జరిపాను. గిట్ పట్టీలో ఆ వెనక్కి తిరిగిన బాణం దాచే ఆప్షన్ మా ఎడిటర్‌లో దొరకలేదు, అందుకని ప్రతి ప్రాజెక్టుకీ మొదటి కమిట్ నేనే చేసి ఇస్తున్నాను, పోయినా తిరిగొస్తుంది. టెస్టుల ఫలితాలకి టిక్కు, ఇంటూ వచ్చే ప్లగిన్ వేశాను. ఆమదాలవలస బాబూ, నీ పోస్టు చదివాక క్లాసులో అడిగితే ఒక అబ్బాయి చెయ్యెత్తాడు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదట.

పేర్లు మాత్రం ఎడిటర్‌లో తిరిగి రాలేదు. మేడం చెప్పిన మాటలే కాగితపు పట్టీ మీద రాసి, ఒక్కో బొమ్మ పక్కనే గీసి, లామినేషన్ చేయించి మానిటర్ పై అంచుకి అంటించాను. సరిగ్గా బొమ్మలకి ఎదురుగా వచ్చేలా. పొందూరు గారు చెప్పిన చూపు సంగతి గుర్తుపెట్టుకుని కొలిచి అంటించాను. ఎర్ర చుక్క గురించి కూడా ఒక వరుస ఉంది: 'ఇది ఉంటే ప్రోగ్రామ్ ఇక్కడ ఆగుతుంది. తీయాలంటే దాని మీదే నొక్కు.'

మొదట్లో చెప్పిన అమ్మాయికి ఈ చర్చ చూపించాను. తనూ రాస్తానంది.

గుర్ల_నుంచి
శుక్రవారం, రాత్రి 10:20

నమస్కారం. నేనే ఆ అమ్మాయిని. మీరందరూ నా గురించి ఇంత రాస్తారని అనుకోలేదు. ఇప్పుడు ఎర్ర చుక్క కావాలనే పెడుతున్నాను. లూప్ తిరిగేటప్పుడు మొత్తం ఎలా పెరుగుతుందో ఒక్కో అడుగూ చూస్తే బాగా అర్థమవుతోంది.

నాకొక డౌట్ ఉంది. పైన రన్ చేసేది ముక్కోణం. కింద ఎడమ మూలలో కూడా ఒక ముక్కోణం ఉంది, పక్కన 2 అని ఉంది. నిన్న కిందిది నొక్కితే రన్ అవుతుందేమో అనుకుని నొక్కాను, ఏదో జాబితా వచ్చింది. ప్రోగ్రామ్ మాత్రం బాగానే నడుస్తోంది. రెండు ముక్కోణాలూ ఒకటేనా? 2 అంటే ఏంటి?

నాగావళి_ఒడ్డు
శుక్రవారం, రాత్రి 10:41

ఒకటి కాదమ్మా. పైది పక్కకి తిరిగి ఉంటుంది, అది రన్. కిందిది నిలబడి ఉంటుంది, లోపల చిన్న ఆశ్చర్యార్థకం ఉంటుంది. అది హెచ్చరిక. 2 అంటే రెండు హెచ్చరికలు. బహుశా ఏదో వేరియబుల్ పేరు పెట్టి ఎక్కడా వాడి ఉండరు. దాని వల్ల ప్రోగ్రామ్ ఆగదు. దాని పక్కనే గుండ్రంలో ఇంటూ ఉంటుంది, తప్పులు ఉంటే అక్కడ అంకె వస్తుంది.

పద్నాలుగేళ్లుగా ఆ రెండు ముక్కోణాలూ రోజూ చూస్తున్నాను. ఒకటే ఆకారం, ఒకటే బూడిద రంగు అని మీరు చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ ఎడిటర్ తయారుచేసేవాళ్ల ఫిర్యాదుల పేజీలో మీ ప్రశ్నని ఇంగ్లిష్‌లో పెడతాను. మీ తెర మొత్తం వచ్చేలా ఒక స్క్రీన్‌షాట్ పంపగలరా? రెండు ముక్కోణాలూ కనబడాలి.

గుర్ల_నుంచి
శుక్రవారం, రాత్రి 10:58

పంపాను సార్. రెండిటి చుట్టూ గుండ్రం గీశాను. ఒకదానికి గీత, ఒకదానికి చుక్కలు. రంగులు వాడలేదు.